పన్నెండు వారాలు దాటినంక వచ్చిన నెగెటివ్‌ను నమ్మొచ్చా?

పాఠకుల ప్రశ్నలు – వైద్యుల జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో హెర్పిస్ పరీక్షల గురించినవే ఎక్కువ. హెర్పిస్ అంటే కలయికతో అంటి, మర్మాంగాల మీద పొక్కులు, పుండ్లు తెచ్చే వైరస్ జబ్బు. పేర్లు రాయొద్దని అందరూ అడిగారు కాబట్టి జిల్లా మాత్రమే ఉంచుతున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 27 ఏండ్లు. ఐదు నెలల కింద తెలియని మనిషితోని ఒక్కసారి కలిసిన. కండోమ్ వాడిన, కానీ నోటితోని కూడా జరిగింది. పది రోజులకు హెర్పిస్ టెస్టు చేయిస్తే నెగెటివ్. 5 వారాలకు నెగెటివ్, 13 వారాలకు కూడా నెగెటివ్. పుండు ఒక్కసారి కూడా రాలేదు. కానీ తొడల సందుల చీమలు పాకినట్టు ఉంటది, అప్పుడప్పుడు మంట. రోజూ రాత్రి ఫోన్ లైటు వేసి చూసుకుంటున్న. వైరస్ లోపల దాక్కుంటది, టెస్టుకు దొరకదు అని చదివిన. వచ్చే నెల నా పెండ్లి. ఇంకెన్నిసార్లు చేయించాలె?
– హనుమకొండ జిల్లా

జవాబు: ఇక చేయించొద్దు. 13 వారాలకు వచ్చిన నెగెటివ్ చాలు. ‘ఏం కాదులే’ అని ఊరికే చెబితే మీ రంది పోదు కాబట్టి, ఎందుకు చాలో వివరంగా చెబుతాం.

ఈ రక్తపరీక్ష వైరస్‌ను వెతకదు. వైరస్ ఒంట్లోకి వచ్చాక శరీరం తయారుచేసుకునే ఐజీజీ యాంటీబాడీలను వెతుకుతుంది. అవి కొందరిలో రెండు మూడు వారాలకే కనబడతాయి, చాలామందిలో 6 వారాల లోపు, ఆలస్యమైనవారిలో 12 వారాల నాటికి. కాబట్టి మీ పదో రోజు రిపోర్టు ఆ సంఘటన గురించి ఏమీ చెప్పలేదు. అంతకుముందు మీకు లేదన్న సంగతి మాత్రం చెప్పింది. 5 వారాలది సగం ధైర్యం. అసలు జవాబు 13 వారాలది.

వైరస్ దాక్కుంటుందని మీరు చదివింది నిజమే. అది నడుము కింది భాగంలో, వెన్ను పక్కనుండే నాడుల ముడుల్లో జీవితాంతం ఉండిపోతుంది. కానీ వైరస్ దాక్కున్నా ఐజీజీ దాక్కోదు. పుండు లేని రోజుల్లో కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, ఏండ్ల తరబడి ఉంటుంది. పుండు ఎప్పుడూ రానివారిలో కూడా వైరస్ ఉన్న సంగతిని ఈ పరీక్ష పట్టుకోగలిగేది అందుకే.

పరీక్ష నూటికి నూరుపాళ్లు సరైనదా అని మీరు తప్పకుండా అడుగుతారు. కాదు. అయితే లెక్క వేసి చూడండి. మీలాంటి పరిస్థితిలో 1000 మంది ఉన్నారనుకుందాం. వారిలో 20 మందికి మర్మాంగాల హెర్పిస్‌ను ఎక్కువగా తెచ్చే రకం హెచ్‌ఎస్‌వీ-2 అంటిందనీ, పరీక్ష ప్రతి 10 మందిలో ఒకరిని వదిలేస్తుందనీ మీ భయానికి అనుకూలంగానే పెట్టుకుందాం. 18 మందికి పాజిటివ్, 982 మందికి నెగెటివ్ వస్తుంది. ఆ 982 మందిలో నిజంగా వైరస్ ఉన్నవారు ఇద్దరే. మీరు కండోమ్ వాడారు, ఐదు నెలల్లో ఒక్క పొక్కు కూడా రాలేదు. ఈ రెండూ కలిపితే ఆ అవకాశం ఇంకా తగ్గిపోతుంది. నాలుగోసారి, ఐదోసారి చేయిస్తే నమ్మకం పెరగదు. అదే కిట్టు, అదే రక్తం, అదే జవాబు.

ఒక్క మినహాయింపు. ఆ సంఘటన జరిగిన కొత్తలో భయంతో మందుల షాపులో హెర్పిస్ మందు అసైక్లోవిర్ కొని వేసుకుని ఉంటే యాంటీబాడీలు ఆలస్యం కావచ్చు. అట్ల వేసుకున్నవారు ఇప్పుడు ఒక్కసారి చేయించి ఆపేయాలి. వేసుకోకపోతే అదీ అక్కర్లేదు.

రిపోర్టు ఒకసారి తీసి చూడండి. హెచ్‌ఎస్‌వీ-1 ఐజీజీ, హెచ్‌ఎస్‌వీ-2 ఐజీజీ అని రెండు వేర్వేరు వరుసలు ఉండాలి. రెండూ కలిపి ఒకటే అంకె ఇచ్చిన రిపోర్టు పాజిటివ్ వస్తే ఏ రకమో తెలియక చిక్కే. మీకు నెగెటివ్ కాబట్టి పరవాలేదు. హెచ్‌ఎస్‌వీ-1 విషయంలో ఈ పరీక్ష అంత పదునైనది కాదు, పది మందిలో ఇద్దరు ముగ్గురిని వదిలేయవచ్చు. కానీ హెచ్‌ఎస్‌వీ-1 అంటే జ్వరం వచ్చినప్పుడు పెదవి మీద పొక్కులు పోసే వైరస్సే. ప్రపంచంలో 50 ఏండ్ల లోపువారిలో 64 శాతం మందికి, అంటే సుమారు 380 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి చిన్నప్పుడే ఇంట్లోవారి ముద్దుల వల్ల అంటుతుంది. దాని కోసం పెండ్లి ఆపుకునేవారు లేరు, మీరూ ఆపుకోనక్కర లేదు.

ఇక చీమలు పాకినట్టు ఉండటం. హెర్పిస్‌లో కూడా తిమ్మిరి, మంట ఉంటాయి, కానీ వాటికి ఒక క్రమం ఉంది. అంటిన తర్వాత 2 నుంచి 12 రోజుల్లో మొదటిసారి పొక్కులు వస్తాయి. తర్వాతెప్పుడైనా తిరగబెట్టినప్పుడు ఒకే చోట తిమ్మిరి మొదలై, ఒకటి రెండు రోజుల్లో అక్కడే నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి, చితికి పుండవుతాయి, చెక్కు కడతాయి. నెలల తరబడి అటూ ఇటూ తిరిగే మంట, దాని వెనక పొక్కు లేదు అంటే అది హెర్పిస్ నడత కాదు. మన ఎండలకు, బిగుతు జీన్సుకు తొడల సందుల్లో తామర రావడం మామూలే. భయంతో రోజూ యాంటీసెప్టిక్ ద్రవంతో కడిగినా మంట పుడుతుంది. మందుల షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన ట్యూబు మాత్రం రాయకండి. నాలుగు రోజులు తగ్గినట్టు చేసి తామరను మొండిగా మారుస్తుంది.

ఫోన్ లైటు గురించి గట్టిగా చెప్పాలి. చూసుకున్న ప్రతిసారీ ఒక గంట నెమ్మది దొరుకుతుంది, ఆ నెమ్మది కోసమే మనసు మళ్ళీ చూడమంటుంది. ఇవాళ చూడాలనిపించినప్పుడు 15 నిమిషాలు ఆగండి, నాలుగు రోజుల తర్వాత అరగంట ఆగండి, ఆ తర్వాత స్నానంలో మామూలుగా కంటికి కనబడినంతే. హెర్పిస్ గురించి ఫోన్లో వెతకడమూ ఇట్లనే తగ్గించాలి. రోజుకు గంటకు పైగా ఈ ఆలోచనే ఉంటే, నిద్ర పడుతుండగా లేపేస్తుంటే, దానికి వైద్యం ఉంది. మానసిక వైద్యులను కలవండి, లేదా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ ఉత్తరంలో మూడు హెర్పిస్ పరీక్షలున్నాయి, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షల మాటే లేదు. మాకు దిగులు అక్కడ. చేయించకపోతే పెండ్లికి ముందే చేయించండి. ఐదు నెలలు దాటింది కాబట్టి ఒక్కసారి సరిపోతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనూ, జిల్లా ప్రభుత్వ దవాఖానల్లోనూ ఉండే ఐసీటీసీ కేంద్రంలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ మీద వచ్చిన 2017 చట్టం ప్రకారం మీ ఒప్పుకోలు లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు. సిఫిలిస్ తొలిదశలో ఉంటే ఒక్క పెన్సిలిన్ ఇంజక్షన్‌తో నయమవుతుంది.

ప్రశ్న: మేడమ్, నాకు ఒకసారి గర్భం పోయింది. టార్చ్ పరీక్ష (గర్భానికి హాని చేసే ఇన్‌ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్ష) రాసిన్రు. అందులో హెచ్‌ఎస్‌వీ ఐజీఎం పాజిటివ్ వచ్చింది. ఇది సుఖరోగమని మా ఆయన ఫోన్ల చూసి, ‘నీకెట్ల వచ్చింది’ అని అడుగుతున్నడు. మా అత్తమ్మకు కూడా తెలిసింది. నాకు ఎన్నడూ పుండు రాలేదు.
– మహబూబాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ఈ జవాబు మీ ఆయనకు కూడా చదివి వినిపించండి. ఆ ఐజీఎం రిపోర్టు మీ నడవడి గురించి ఏమీ చెప్పదు. మీకు హెర్పిస్ ఉందని కూడా చెప్పదు.

ఐజీఎం అనే యాంటీబాడీ కనబడిందంటే ‘కొత్తగా అంటింది’ అని ఒక అర్థం ప్రచారంలో ఉంది. హెర్పిస్ విషయంలో అది నిలబడదు. ఈ పరీక్ష హెచ్‌ఎస్‌వీ-1కూ 2కూ తేడా చెప్పలేదు. ఆటలమ్మ వైరస్ లాంటి దగ్గరి వైరస్‌ల యాంటీబాడీలకు కూడా పాజిటివ్ చూపించవచ్చు. చిన్నప్పుడు వచ్చిన పెదవి పొక్కులు తిరగబెట్టినా మళ్ళీ కనబడవచ్చు. అందుకే హెర్పిస్ నిర్ధారణకు ఐజీఎం వాడొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మన దగ్గర టార్చ్ ప్యాకేజీలో అది వచ్చి చేరుతుంది, పైసలు కట్టినవారికి రంది మిగులుతుంది.

తెలుసుకోవాలనే ఉంటే హెచ్‌ఎస్‌వీ-2 ఐజీజీ విడిగా చేయించండి. పరగడుపున ఉండనక్కర లేదు. అది నెగెటివ్ అయితే ఈ గొడవ అక్కడితో ఆగాలి. హెచ్‌ఎస్‌వీ-1 ఐజీజీ పాజిటివ్ వస్తే ప్రపంచంలో సగానికి పైగా మందితో మీరూ ఉన్నట్టే. ఒకవేళ హెచ్‌ఎస్‌వీ-2 నిజంగా పాజిటివ్ వచ్చినా, ఎప్పుడు అంటిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ రక్తపరీక్షా చెప్పలేదు. భర్తకే ఏండ్ల కింద, లక్షణాలు లేకుండా అంటి ఉండవచ్చు. పరీక్ష చేయిస్తే ఇద్దరికీ చేయించాలి.

గర్భం పోవడానికి ఈ ఐజీఎం కారణమని కూడా అనుకోకండి. గర్భిణులకు హెర్పిస్ నిజంగా ప్రమాదమయ్యేది చివరి మూడు నెలల్లో కొత్తగా అంటినప్పుడు. కాన్పు దగ్గరపడ్డాక కొత్తగా అంటితే బిడ్డకు సోకే అవకాశం 30 నుంచి 50 శాతం. ముందునుంచే ఉన్న తల్లుల్లో అది 1 శాతం లోపే, ఎందుకంటే తల్లి యాంటీబాడీలు బిడ్డకు కూడా అందుతాయి. ఉన్నవారికి 36వ వారం నుంచి అసైక్లోవిర్ ఇస్తారు. నొప్పులప్పుడు పుండు గానీ, పుండు వచ్చే ముందుండే తిమ్మిరి, మంట గానీ ఉంటే ఆపరేషన్. మళ్ళీ గర్భం కోసం ప్రయత్నించడానికి ఈ రిపోర్టు అడ్డం కాదు.

ప్రశ్న: దుబాయ్ పోయే ముందు నా అంతట నేనే హెర్పిస్ టెస్టు చేయించుకున్న. హెచ్‌ఎస్‌వీ-2 ఐజీజీ 1.7, పాజిటివ్ అని ఉంది. పుండ్లు లేవు. మెడికల్ ఫెయిల్ అయితదా?
– జగిత్యాల జిల్లా

జవాబు: గల్ఫ్ మెడికల్లో రక్తం నుంచి చూసేవి ముఖ్యంగా హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ చూస్తారు. హెర్పిస్ ఆ పట్టికలో లేదు.

మీ అంకె సంగతి వేరు. మామూలుగా 0.9 కన్నా తక్కువ నెగెటివ్, 0.9 నుంచి 1.1 అటూ ఇటూ కానిది, 1.1 దాటితే పాజిటివ్ అని రాస్తారు. కానీ తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువగా వచ్చేది 1.1కూ 3కూ మధ్యనే. హెచ్‌ఎస్‌వీ-1 ఉన్నవారిలో ఇట్ల చిన్న అంకె రావడం మరీ ఎక్కువ. అంకె పెద్దదైతే జబ్బు ఎక్కువ అని కాదు, ఫలితం నమ్మదగినది అని. 1.7ను పాజిటివ్‌గా తీసుకోకండి, ‘తేలలేదు’ అని తీసుకోండి.

తేల్చేందుకు వాడే వెస్టర్న్ బ్లాట్ మన ఊళ్లలో దొరికేది కాదు. మీరు చేయగలిగింది, చివరి కలయికకు 12 వారాలు దాటినాక వేరే ల్యాబులో, వేరే పద్ధతిలో చేయించడం. మొదటిది ఎలైజా అయితే రెండోది ఇమ్యునోబ్లాట్ దొరికితే మంచిది, లేకపోతే సీఎల్ఐఏ. పద్ధతి పేరు రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. శాంపిల్ ఇవ్వకముందే అడగండి, కలెక్షన్ సెంటర్లు రెండు వేర్వేరైనా రక్తం హైదరాబాద్‌లో ఒకే ల్యాబుకు పోవచ్చు. రెండోది నెగెటివ్ వస్తే మొదటిది తప్పుడు పాజిటివ్ అనుకోవచ్చు. లక్షణాలు లేనివారు ఊరికే ఈ పరీక్ష చేయించుకోవద్దని అనేది ఈ చిక్కు వల్లనే.

ప్రశ్న: హాస్టల్ బాత్రూం, దోస్తు టవల్ వాడితే వస్తుందా?
– వరంగల్ జిల్లా

జవాబు: రాదు. ఈ వైరస్ ఆరిన చోట ఎక్కువసేపు బతకదు, చర్మానికి చర్మం తగిలితేనే అంటుతుంది. దోస్తు టవల్‌తో తామర, గజ్జి రావచ్చు, కాబట్టి ఎవరిది వారు వాడుకోండి.

ప్రశ్న: నిన్నటి నుంచి అక్కడ చిన్న నీటిపొక్కులు, మంట. రక్తం ఇవ్వాలా?
– జనగామ జిల్లా

జవాబు: రక్తం కాదు, పొక్కు నుంచి స్వాబ్ తీయించాలి. మొదటి రెండు రోజుల్లోనే. చెక్కు కట్టినాక వైరస్ దొరకడం కష్టం, అప్పుడొచ్చే నెగెటివ్‌ను మాత్రం నమ్మలేం.

ముందుగా ల్యాబుకు ఫోన్ చేసి ‘హెచ్‌ఎస్‌వీ పీసీఆర్, టైపింగ్‌తో’ (ఏ రకం వైరస్సో కూడా చెప్పే పరీక్ష) ఉందా, వీటీఎం ట్యూబు ఉందా అని అడగండి. కోవిడ్ రోజుల్లో ముక్కులో పెట్టిన పుల్లను వేసిన ద్రవం సీసా అదే. పోయేవరకు క్రీము, పౌడరు, పసుపు ఏదీ రాయొద్దు. చర్మవైద్యులు పొక్కును శుభ్రమైన సూదితో తెరిచి, అడుగును పాలిస్టర్ స్వాబ్‌తో గట్టిగా రుద్దుతారు. కొంచెం నొప్పి ఉంటుంది. పైపైన తాకించి తీస్తే వైరస్ దొరకదు, పని చెడేది ఎక్కువగా ఇక్కడే. కర్ర పుల్ల, ఇంటి దూది పనికిరావు. ట్యూబును ఐస్ ప్యాక్‌తో 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో పంపాలి. హైదరాబాద్ పోయే శాంపిల్ అయితే ఈ సంగతి దగ్గరుండి అడిగి చూసుకోండి.

రిపోర్టు వచ్చేదాకా మందు ఆపుకోవద్దు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తుంది. సుఖరోగాలకు చూసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లో ఎర్ర రంగు 5వ నంబరు కిట్టు ఉచితంగా ఇస్తారు: అసైక్లోవిర్ 400 మి.గ్రా. గోలీలు, రోజుకు మూడు, 7 రోజులు. కిడ్నీ జబ్బు ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి, మోతాదు మారుతుంది. గోలీలతో పాటు నీళ్లు బాగా తాగండి. పుండు నొప్పి పెట్టకుండా, గట్టిగా, ఒక్కటే ఉంటే అది సిఫిలిస్ కావచ్చు, ఆ పరీక్ష కూడా అదే రోజు అక్కడే అడగండి.