టెక్ సందేహాలు: ఫ్యాన్ వేస్తే గది ఎందుకు మిణుకుమంటుంది?

ప్రశ్న: మా పడకగది 3.6 మీటర్ల వెడల్పు, 4.2 మీటర్ల పొడవు ఉంటుంది. మధ్యలో 1200 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాన్ వస్తుంది. ఫాల్స్ సీలింగ్‌లో ఫ్యాన్ చుట్టూ, దాని కేంద్రం నుంచి 75 సెంటీమీటర్ల దూరంలో నాలుగు ఎల్ఈడీ డౌన్‌లైట్లు పెడతామని పనివారు గీత గీసి చూపించారు. ఇలాంటి అమరికే ఉన్న బంధువుల ఇంట్లో ఫ్యాన్ వేయగానే గదంతా మిణుకుమంటోంది. మేము ఏం చేయాలి?

జవాబు: రంధ్రాలు వేయకముందే అడిగారు కాబట్టి మీ సమస్య కాగితం మీదే తీరిపోతుంది. మీ బంధువుల ఇంట్లో దీపాలకు ఏ లోపమూ ఉండకపోవచ్చు. దీపానికీ గదికీ మధ్య రెక్క అడ్డం వచ్చిన ప్రతిసారీ వెలుగు తెగి మళ్ళీ కలుస్తుంది. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 350 చుట్లు తిరిగితే సెకనుకు దాదాపు 17 సార్లు, వేగం తగ్గించి 200 చుట్లకు తెస్తే సెకనుకు 10 సార్లు ఇలా జరుగుతుంది. మనిషి కన్ను సెకనుకు 10 సార్ల ప్రాంతంలో వచ్చే మిణుకును చాలా తేలిగ్గా పసిగడుతుంది. అందుకే వేగం తగ్గిస్తే ఇబ్బంది తగ్గుతుందనుకున్నవారికి కొన్నిసార్లు అది పెరిగినట్టు అనిపిస్తుంది. కాంతి మిణుకుతో మూర్ఛ వచ్చే స్వభావం ఉన్నవారికి సెకనుకు సుమారు 3 నుంచి 30 సార్ల మధ్య మిణుకు ప్రమాదకరం కావచ్చు. ఇంట్లో అలాంటివారు ఉంటే దీన్ని అందచందాల విషయంగా తీసుకోకూడదు.

ఇప్పుడు కొలతలు చూద్దాం. మీ ఫ్యాన్ రెక్కల కొసలు కేంద్రం నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో తిరుగుతాయి. రెక్కలు కప్పు నుంచి 30 సెంటీమీటర్ల కిందికి ఉన్నాయనుకుందాం. డౌన్‌లైట్ వెలుగు కిందికి దిగేకొద్దీ శంకువులా విచ్చుకుంటుంది. పెట్టె మీద 60 డిగ్రీల కిరణ కోణం అని ఉంటే, రెక్కల మట్టానికి వచ్చేసరికి ఆ వెలుగు అన్ని వైపులా 17 సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది. 120 డిగ్రీల చదును ప్యానెల్ అయితే ఆ విస్తరణ 52 సెంటీమీటర్లు అవుతుంది. రెక్క పొడవుకు ఈ విస్తరణను, దీపం సగం వెడల్పును కలిపితే కేంద్రం నుంచి ఎంత దూరం ఉండాలో తేలుతుంది. 60 డిగ్రీల చిన్న దీపానికి 82 సెంటీమీటర్లు, కాస్త వెసులుబాటుతో 90 పెట్టుకోవచ్చు. 120 డిగ్రీల ప్యానెల్‌కు 120 సెంటీమీటర్లకు పైగానే కావాలి. మీవాళ్ళు గీసిన 75 సెంటీమీటర్లు ఈ రెండింటికీ చాలదు.

నాలుగు దీపాలనూ గది మూలల వైపు, పొడవైన గోడల నుంచి 70, పొట్టి గోడల నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. అప్పుడు ప్రతి దీపమూ ఫ్యాన్ కేంద్రానికి 1.7 మీటర్ల దూరంలో పడుతుంది, ప్యానెల్ రకం కొన్నా లెక్క సరిపోతుంది. అయితే కిరణ కోణం అంటే వెలుగు తీవ్రత సగానికి పడిపోయే హద్దు మాత్రమే. దాని అవతల చీకటి ఉండదు. మూలన ఉన్న ప్యానెల్ నుంచి బాగా వాలుగా వచ్చే బలహీనమైన కిరణాలు రెక్కల కొసలను తాకి, ఎదుటి గోడ పైభాగాన కదిలే నీడను వేయవచ్చు. దీపపు ముఖం కప్పు మట్టం కంటే లోపలికి, గుంటలో అమరినట్టు ఉండే రకాన్ని కొంటే ఆ వాలు కిరణాలు అక్కడే ఆగిపోతాయి. నేనైతే డబ్బు ఖర్చు పెట్టేది ఇక్కడే. ఫోన్‌తో రంగులు మార్చే దీపాల మీద కాదు.

రాడ్ పొడవు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. రాడ్ పెరిగితే రెక్కలు కిందికి దిగుతాయి, వెలుగు అంతకంతకూ విచ్చుకుని వాటిని తాకుతుంది. రాడ్‌ను మరీ కురచ చేస్తే కప్పుకూ రెక్కలకూ మధ్య గాలి ఆడక ఫ్యాన్ గాలి తగ్గుతుంది. కప్పు నుంచి 20–25 సెంటీమీటర్లకు తగ్గకుండా, నేల నుంచి కనీసం 2.1 మీటర్ల ఎత్తులో రెక్కలు ఉండేలా చూడండి. ఫాల్స్ సీలింగ్ వచ్చాక కప్పు కిందికి దిగిపోతుంది కాబట్టి, కప్పుకూ రెక్కలకూ మధ్య దూరాన్ని అసలు స్లాబు నుంచి కాక పూర్తయిన కప్పు నుంచి కొలవాలి. ఫ్యాన్ బరువు మాత్రం స్లాబులో దిగిన హుక్కు మీదే వేలాడాలి. జిప్సం బోర్డుకు ఆ పని అప్పగించకూడదు.

వెలుగు మోతాదు సంగతి క్లుప్తంగా చెబుతాను. మీ గది విస్తీర్ణం సుమారు 15 చదరపు మీటర్లు. మామూలు వాడకానికి 150 లక్స్ (ఒక్కో చదరపు మీటరు మీద పడే వెలుగు కొలత) అనుకుంటే, గోడలూ వస్తువులూ పీల్చుకోగా దాదాపు 60 శాతం వెలుగే పనికొస్తుందన్న అంచనాతో, దీపాలన్నీ కలిపి దాదాపు 3,800 ల్యూమెన్లు (దీపం వెదజల్లే వెలుగు కొలత) ఇవ్వాలి. ఒక్కొక్కటి దాదాపు 950 ల్యూమెన్లు ఇచ్చే నాలుగు దీపాలతో అది తీరుతుంది. చదువుకునే చోట 300 లక్స్‌కు పైగా కావాలి కాబట్టి అక్కడ విడిగా టేబుల్ లైటు పెట్టుకోవడం మేలు. పడకగదికి 2700–3000 కెల్విన్‌ల పసుపు ఛాయ హాయిగా ఉంటుంది. 6500 కెల్విన్‌ల తెల్లని వెలుగు రాత్రిపూట కళ్ళకు కొట్టొచ్చినట్టు ఉంటుంది.

గోడకు దీపాలు పెట్టాలనుకుంటే వాటిని రెక్కల మట్టం కంటే కిందకు పెట్టండి. వాటి వెలుగును నేల వైపుకు చేరనీయకుండా రెక్క ఏదీ అడ్డురాదు కాబట్టి మిణుకు రాదు. అదే దీపం పైకి కూడా వెలుగు చిమ్మే రకమైతే కప్పు మీద రెక్కల నీడలు తిరుగుతాయి. కోవ్ లైటు (ఫాల్స్ సీలింగ్ అంచు గాడిలో దాచిన దీపం) వెలుగు కప్పు మీద పడి, అంత పెద్ద ఉపరితలం నుంచి తిరిగి వస్తుంది కాబట్టి రెక్కలు దాన్ని పూర్తిగా కోయలేవు. ఫ్యాన్ సరిగ్గా కింద పడుకుని చూసేవారికి మాత్రం కొద్దిగా తెలుస్తుంది, ముఖ్యంగా తెల్లని కప్పు కింద ముదురు రంగు రెక్కలు తిరుగుతున్నప్పుడు. నునుపు మెరుగు రెక్కలు దీపాన్ని అద్దంలా తిప్పికొట్టి వేరే రకం మెరుపు పుట్టిస్తాయి, కాబట్టి మాట్ పూతను ఎంచుకోండి.

బంధువులకు కూడా ఒక మాట చెప్పండి. వాళ్ళు ఆ నాలుగు దీపాలనూ పీకనవసరం లేదు. ముందుగా వాటి స్విచ్‌ను వేరు చేయించి, ఫ్యాన్ వేసినప్పుడు గోడ దీపం లేదా ట్యూబ్‌లైటు వేసుకుంటే చాలు. రెక్కలు కోయని వెలుగు గదిలో ఎంత ఎక్కువ ఉంటే, కోసే వెలుగు తాలూకు మిణుకు అంత పలచబడుతుంది. అది చాలకపోతే 24–36 డిగ్రీల ఇరుకు కిరణ కోణం ఉన్న దీపాలు అవే రంధ్రాల్లో పట్టేవి దొరుకుతాయేమో చూడమనండి. 75 సెంటీమీటర్ల దూరానికి అలాంటి దీపమైతే రెక్కను దాదాపుగా తప్పించుకుంటుంది.

ప్రశ్న: కొత్త ఎల్ఈడీ పెట్టినప్పటి నుంచి మా ఫ్యాన్‌కు పదుల కొద్దీ రెక్కలు ఉన్నట్టు, ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తోంది. ఫ్యాన్ పాడైందా?

జవాబు: పాడవలేదు. పై జవాబులోది రెక్కలు వెలుగును కోయడం. మీది వెలుగే ఆరి వెలగడం. నాసిరకం డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) ఉన్న ఎల్ఈడీ దీపం, 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 120 సార్లు ప్రకాశం తగ్గి పెరుగుతుంది. మామూలుగా చూస్తే అది కంటికి తెలియదు, కానీ కదిలే వస్తువు మీద పడితే బయటపడుతుంది. ఫ్యాన్ నిమిషానికి 333 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక మెరుపుకూ తర్వాతి మెరుపుకూ మధ్య రెక్క సరిగ్గా 20 డిగ్రీలు జరుగుతుంది, దాంతో పద్దెనిమిది రెక్కలు నిశ్చలంగా ఉన్నట్టు కనిపిస్తుంది. వేగం కాస్త తగ్గితే ఆ రెక్కల బొమ్మ వెనక్కి, కాస్త పెరిగితే ముందుకు జారుతుంది. తిరుగుతున్న యంత్రం ఆగినట్టు కనిపించడం ఇంట్లో వింతగా ఉంటుంది, వర్క్‌షాపులో మాత్రం వేళ్ళు పోగొడుతుంది.

దీన్ని పరీక్షించడం తేలిక. ఫ్యాన్ ఆపి, ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో పెట్టి, షట్టర్ వేగాన్ని సెకనులో వెయ్యో వంతుకు మార్చి, ఆ దీపం పడుతున్న తెల్ల గోడను చూడండి. తెర మీద ముదురు చారలు స్పష్టంగా కదులుతుంటే దీపం డ్రైవర్ మంచిది కాదు. వీడియో కాల్‌లో మీ ముఖం మీద పట్టీలు కనిపించడానికి కూడా ఇదే కారణం. అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్ఈ ఇచ్చిన 1789-2015 సిఫారసు ప్రకారం 100 హెర్ట్జ్ వద్ద ఈ హెచ్చుతగ్గులు 8 శాతం లోపు ఉంటే ముప్పు తక్కువ. పెట్టె మీద ఆ అంకె అరుదుగా ముద్రిస్తారు కాబట్టి, ఒక దీపం కొని ఫోన్‌తో పరీక్షించాకే మిగిలినవి కొనండి.

ప్రశ్న: లైటుతో కలిసి వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ తీసుకుంటున్నాం. పాత రెగ్యులేటర్‌తోనే లైటును తగ్గించుకోవచ్చా?

జవాబు: వద్దు. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌కు దాని ఎలక్ట్రానిక్ బోర్డే వేగం నియంత్రిస్తుంది కాబట్టి దానికి పూర్తి సరఫరా అందాలి. మధ్యలో పాత రెగ్యులేటర్ ఉంటే బోర్డు తికమకపడుతుంది లేదా పాడవుతుంది. ఫ్యాన్ మోటారును లైటు డిమ్మర్‌కు కలపడం కూడా అంతే తప్పు, మోటారు గుయ్యిమని వేడెక్కుతుంది. రెగ్యులేటర్ తీయించి, ఆ స్థానంలో మామూలు స్విచ్ పెట్టించండి. గోడలో పని ఇంకా మిగిలి ఉంటే స్విచ్‌బోర్డు నుంచి ఫ్యాన్ దాకా లైటు కోసం విడి ఫేజ్ వైరు లాగించుకోవడం ఉత్తమం, రిమోట్ పోయిన రోజున కూడా లైటు స్విచ్‌తో వెలుగుతుంది. రెక్కల కింద ఉండే దీపం కాబట్టి నేల వైపు మిణుకు ఉండదు, కానీ ఒక్క దీపమే గదంతా వెలిగించాలని ఆశిస్తే మూలలు చీకటిగా మిగులుతాయి.

ప్రశ్న: గోడకు రంధ్రం వేయకముందు ఈ వెలుగంతా కంప్యూటర్‌లో చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: ఉంది. డయాలక్స్ ఈవో మౌలిక రూపం ఉచితం. గది కొలతలు ఇచ్చి, దీపం తయారీదారు వెబ్‌సైట్లో దొరికే ఐఈఎస్ ఫైలును (ఆ దీపం ఏ దిక్కుకు ఎంత వెలుగు చిమ్ముతుందో చెప్పే డేటా) దించుకుని అందులో చేరిస్తే నేల మీద ఎన్ని లక్స్ పడుతుందో లెక్కిస్తుంది. తిరిగే ఫ్యాన్‌ను అది చూపించలేదు. అందుకని ఫ్యాన్ స్థానంలో 120 సెంటీమీటర్ల వ్యాసంతో ఒక పలుచని నిండు వృత్తాన్ని పెట్టి, ఒకసారి అది ఉన్నప్పుడు, ఇంకోసారి లేనప్పుడు లెక్క వేయించండి. రెండు ఫలితాల మధ్య నేల మీద ఏ చోట ఎక్కువ తేడా కనిపిస్తే అక్కడే మిణుకు వచ్చే అవకాశం ఉంటుంది. నిజమైన రెక్కలు వృత్తంలో కొంత భాగాన్నే కప్పుతాయి కాబట్టి, ఈ తేడాను గరిష్ఠ హద్దుగా మాత్రమే తీసుకోండి.