ముక్కుమీద కోపం ఉన్న బాస్ దగ్గర పని: ‘ది అప్రెంటిస్’ పాఠాలు ఎంతవరకు పనికొస్తాయి?

ప్రశ్న: నేను ఎంబీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో మా మేనేజర్ పొద్దున మెచ్చుకున్న పనినే సాయంత్రం అందరి ముందూ తీసిపారేస్తారు. ఈ మధ్య అమెరికన్ రియాలిటీ షో ‘ది అప్రెంటిస్’ పాత సీజన్లు చూశాను. డొనాల్డ్ ట్రంప్ అహాన్ని సంతృప్తిపరచగలిగినవారే అందులో చివరిదాకా నిలిచారనిపించింది. ఇదే సంస్థలో నాకు ఉద్యోగం వచ్చే అవకాశం ఉంది కనుక, ఆ విద్య నేర్చుకోవడం మంచిదేనా?

జవాబు: మీ పరిశీలనలో సగం నిజం ఉంది. 2004 జనవరిలో ఎన్‌బీసీ ఛానెల్‌లో మొదలైన ఆ పోటీ తొలి సీజన్‌లో 16 మంది పాల్గొన్నారు. గెలిచినవారికి ఏడాదికి 2,50,000 డాలర్ల జీతంతో ట్రంప్ సంస్థలో ఉద్యోగం దక్కేది. ప్రతి వారం ఓడిన జట్టు బోర్డ్‌రూమ్‌లో కూర్చుని సంజాయిషీ చెప్పుకోవాలి, ఎవరిని ఇంటికి పంపాలో తేల్చేది మాత్రం ఒకే ఒక్క మనిషి. అటువంటి ఏర్పాటులో ఆ మనిషి దేనికి సంతోషిస్తాడో, దేనికి చిటపటలాడతాడో గమనించకుండా నెగ్గుకురావడం కష్టమే. అయితే గమనించడం వేరు, భజన చేయడం వేరు; మీరు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టినట్టు కనిపిస్తోంది.

2005 డిసెంబరులో ముగిసిన నాలుగో సీజన్ ఫైనల్‌ను మరోసారి చూడండి. ర్యాండల్ పింకెట్‌ను విజేతగా ప్రకటించిన ట్రంప్, రెండో స్థానంలో నిలిచిన రెబెకా జార్విస్‌ను కూడా తీసుకోమంటారా అని ఆయననే అడిగారు. యజమాని మనసు ఎటు మొగ్గుతోందో ప్రత్యక్ష ప్రసారంలో అందరికీ అర్థమవుతూనే ఉంది. తాన అంటే తందాన అనేవారైతే వెంటనే తలూపేవారు. పింకెట్ వద్దన్నారు; కార్యక్రమం పేరులో ఉన్నది ఒక్క అప్రెంటిసే కనుక ఈ రాత్రి ఎంపికయ్యేదీ ఒక్కరే కావాలన్నారు. ఆ జవాబులో ఔదార్యం లేదని చాలామంది విమర్శించారు, ఆ చర్చలోకి నేను వెళ్లను. కెరీర్ దృష్టితో చూస్తే మాత్రం అది గట్టి జవాబు. యజమాని ఆలోచనను తప్పుపట్టకుండా, ఆయన సొంత నియమాన్నే ఆయనకు గుర్తుచేసి, వెనక్కి తగ్గినా పరువు పోని దారి చూపించారు. ట్రంప్ ఆ మాటనే ఖాయం చేశారు.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ రెండో సీజన్‌లో ఉంది. ఆ వారం తొలగింపు నుంచి మినహాయింపు ఉన్న బ్రాడ్‌ఫర్డ్ కోహెన్, తన ధైర్యం చూపించుకోవాలని బోర్డ్‌రూమ్‌లో దాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నారు. తెగువను ఇష్టపడే యజమాని మెచ్చుకుంటాడని అనుకుని ఉండవచ్చు. ట్రంప్ దాన్ని తొందరపాటుగా లెక్కగట్టి ఆయననే పంపించేశారు. మనస్తత్వాన్ని పూర్తిగా చదివేశామనుకునే నమ్మకం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

మరో సంగతి. మీరు చూసినది ఎడిట్ చేసిన కథ. ట్రంప్ ఎవరినో అనూహ్యంగా తొలగించినప్పుడు, ఆ నిర్ణయం సబబుగా కనిపించేలా పాత దృశ్యాలను వెతికి కూర్చవలసి వచ్చేదని ఆ కార్యక్రమానికి పనిచేసిన ఎడిటర్లే తర్వాతి కాలంలో చెప్పారు. కనుక ‘ఇలా మాట్లాడారు, అందుకే నిలిచారు’ అనే కార్యకారణ సంబంధాన్ని తెర మీద చూసి నమ్మకండి.

పైగా పోటీ కొన్ని వారాల్లో ముగుస్తుంది, ఉద్యోగం అలా ముగియదు. ఇదే కార్యక్రమపు బ్రిటన్ రూపంలో 2010 విజేత స్టెల్లా ఇంగ్లిష్‌కు లక్ష పౌండ్ల ఉద్యోగం వచ్చింది. ఆ కొలువులో తనకు అసలైన పనే అప్పగించలేదంటూ ఆమె తర్వాత రాజీనామా చేసి, యజమాని ఆలన్ షుగర్‌పై ఉపాధి ట్రిబ్యునల్‌కు వెళ్లి, 2013లో ఓడిపోయారు. తప్పెవరిదైనా కానివ్వండి, బాస్ చేత ఎంపిక కావడమూ బాస్ దగ్గర ఎదగడమూ ఒకటి కావని మీవంటివారు గ్రహించవలసింది ఇక్కడే.

ఇక మీ మేనేజర్ విషయం. పొద్దున మెచ్చిన పనిని సాయంత్రం తిట్టడానికి అహమే కారణమని మీరు తేల్చేశారు. ఈలోగా పైనుంచి ఆయనకు వేరే ఆదేశం వచ్చి ఉండవచ్చు కదా. అందుకే ఉదయం ఆయన సరేనన్న వెంటనే రెండు వాక్యాల మెయిల్ పంపండి: ‘మీరు సూచించినట్టు రెండో పట్టిక తీసేసి, ధరల పోలికను ముందుకు తెస్తున్నాను. సాయంత్రం నాలుగింటికి పంపుతాను.’ సాయంత్రం కేకలు వేస్తే నలుగురిలో ఆ మెయిల్ తీసి చూపించకండి, అది ఆయన్ని ఓడించినట్టవుతుంది. ‘ఉదయం అనుకున్నదాంట్లో ఏది మారిందో చెబితే ఈ పూటే సరిచేస్తాను’ అనండి. మీరు లొంగిపోయినట్టూ ఉండదు, ఆయనకు మాట మార్చుకునే వెసులుబాటూ ఉంటుంది. మెయిల్ మాత్రం భద్రంగా ఉంచుకోండి.

ట్రంప్ పక్కన జార్జ్ రాస్, కరోలిన్ కెప్చర్ కూర్చునేవారని గమనించే ఉంటారు. పోటీదారుల పనిని దగ్గరుండి చూసి యజమానికి చెప్పేది వారే. మీ మేనేజర్ కూడా ఎవరో ఒక సీనియర్ మాటకు విలువ ఇస్తూ ఉంటారు. మీ పని ఆయన కంట కూడా పడేలా చూసుకోండి.

కోపం పని మీద ఉన్నంతవరకు ఓర్చుకోవచ్చు. మీ పుట్టుక, రూపం, కుటుంబం మీదికి మాట వచ్చినా, లెక్కల్లో అబద్ధం రాయమన్నా అది అహాన్ని సంభాళించే వ్యవహారం కాదు; తేదీతో సహా రాసిపెట్టుకుని హెచ్‌ఆర్‌కు, మీ కళాశాల ప్లేస్‌మెంట్ అధికారికి తెలియజేయండి.

ఆఫర్ లెటర్ చేతికొచ్చినా వెంటనే సంతకం చేయకండి. ఆ మేనేజర్ కింద మీకంటే ముందు పనిచేసిన ఇద్దరితోనైనా మాట్లాడి, వారు ఎంతకాలం ఉన్నారో, ఏ కారణంతో వెళ్లారో కనుక్కోండి. ఇద్దరూ ఏడాది తిరగకుండానే మానేశారని తెలిస్తే, అదే సంస్థలో వేరే బృందంలో చోటు ఉందేమో చేరకముందే అడగండి. చేరాక బృందం మారాలంటే సాధారణంగా ఆ మేనేజర్ అనుమతే కావలసి వస్తుంది.