వేదాంతం చదివితే అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. పట్టుచీరల దుకాణం. అమ్మాయి ప్లస్ టూ ఆర్ట్స్‌లో లాజిక్ చదివింది. ఇప్పుడు ఫిలాసఫీ ఆనర్సే కావాలంటోంది. ‘వేదాంతం చదివితే అన్నం పెడుతుందా’ అంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం న్యాయమైనదేనండీ. బీఏ ఫిలాసఫీ పట్టా చూసి వెంటనే కొలువిచ్చేవాళ్లు అరుదు. అయితే అక్కడ చెప్పేది ఒక్క వేదాంతమే కాదు. మన ప్రాచీన తర్కమైన న్యాయశాస్త్రం ఒక మాటను ఐదు మెట్లలో నిలబెడుతుంది: కొండ మీద నిప్పుంది, పొగ కనిపిస్తోంది గనుక, పొగ ఉన్నచోట నిప్పుంటుందని వంటింట్లో చూశాం, ఈ కొండ మీదా అలాంటి పొగే, కాబట్టి నిప్పుంది. అసలు చదువు ఆ తర్వాత మొదలవుతుంది. మహేంద్రగిరి మీద తెల్లగా కనిపిస్తున్నది పొగా, పొగమంచా? అక్కడ పొరబడితే ఐదు మెట్లూ కూలినట్టే. ఎదుటివాడి వాదంలో ఆ పొగమంచును పట్టుకోవడమే కదా వకీలు పని!

అందుకే డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఈ పిల్లలకు చక్కగా నప్పుతుందని నా నమ్మకం. పీజీకి భువనేశ్వర్‌లో ఉత్కళ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. లెక్చరర్ కావాలంటే ఆపైన నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి, ఓపిక పట్టాలి. సివిల్స్ మెయిన్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్‌కు 500 మార్కులు. తెలుగులోనో ఒడియాలోనో కూడా రాయొచ్చు. కానీ సివిల్స్ ఒక్కటే నమ్ముకుని ఈ సబ్జెక్టులో చేర్చకండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే సంగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఫిలాసఫీలో మంచి పుస్తకాలేమో ఎక్కువగా ఇంగ్లిష్‌లో. అందుకని ఈ సెలవుల్లో ప్లేటో ‘క్రీటో’ ఇంగ్లిష్‌లో చదివించండి. చాలా చిన్నది. మరణశిక్ష పడిన సోక్రటీసును జైలు నుంచి తప్పించుకుపొమ్మని స్నేహితుడు బతిమాలతాడు, ఆయన వెళ్లనంటాడు. సోక్రటీసు చేసింది ఒప్పేనని ఒక పేజీ రాయమనండి. మర్నాడు తప్పని ఇంకో పేజీ. ఏ భాషలో రాసినా సరే. రెండో పేజీ కూడా అంతే పట్టుదలతో రాస్తే నిశ్చింతగా చేర్చండి. రాయలేక విసుక్కుంటే, తనకు నచ్చింది సబ్జెక్టా, ప్లస్ టూలో పాఠం చెప్పిన మాస్టారా అని నెమ్మదిగా అడగండి. చదవడమే కష్టమైతే మాత్రం సబ్జెక్టు మార్చక్కర్లేదు, ముందు ఇంగ్లిష్ ట్యూషన్ పెట్టించండి.

చేరితే ఆనర్స్‌కు తోడుగా పొలిటికల్ సైన్స్ దొరుకుతుందేమో కాలేజీలో కనుక్కోండి. లా వైపు వెళ్లినా, సివిల్స్ రాసినా పనికొస్తుంది.