ఇటలీ ఇంట్లో ఆరు నెలలు: రోజూ ఏం తింటారు?

ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా బొలోన్యాలో ఓ కుటుంబంతో ఉండబోతున్నాను, మాంసం తినను, కడుపు నిండుతుందా అని అడిగారు.

నిండుతుంది. కాకపోతే పాస్తా దగ్గరే కడుపు నింపేసుకోకండి. అక్కడ అది 'ప్రీమో', అంటే మొదటి వడ్డన మాత్రమే. మనిషికి ఎండు పాస్తా 80 నుంచి 100 గ్రాములు లెక్క. తర్వాత 'సెకోందో' అని మాంసమో చేపో గుడ్డో చీజో, దాంతో 'కొంతోర్నో' అనే కూరగాయలో సలాడో, చివర్లో పండు. మామూలు రోజుల్లో ఇవన్నీ ఒకే పూట పెట్టని ఇళ్ళు చాలా. మధ్యాహ్నం ఒంటిగంటకు పాస్తా, రాత్రి ఎనిమిదికి సెకోందోతో సరిపెడతారు. పొద్దున టిఫిన్ అంటే పాలు, కాఫీ, వాటిలో ముంచుకునే బిస్కెట్లు, అన్నీ తీపే. ఇడ్లీ, దోసెలకు అలవాటుపడ్డ కడుపుకి పదకొండింటికే ఆకలేస్తుంది, బ్యాగులో ఏదైనా పెట్టుకోండి.

వంటలో సాయం చేస్తానంటే ముందు అప్పగించేది పాస్తానే. 100 గ్రాములకు లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు. ఎసరు తెర్లాక కల్లుప్పు వేసి, ఆ తర్వాత పాస్తా వేయాలి. నూనె వేయకూడదు, వేస్తే సాస్ అంటుకోకుండా జారిపోతుంది. ప్యాకెట్ మీద రాసిన టైముకి రెండు నిమిషాల ముందే, ఇంకా పలుకుగా ఉండగానే వార్చి సాస్‌లో కలిపి ఉడకనివ్వాలి. వార్చేముందు ఓ గరిటెడు నీళ్ళు తీసి ఉంచండి. మన గంజిలాగే ఆ పిండినీళ్ళే సాస్‌ని చిక్కబరిచి పాస్తాకు పట్టిస్తాయి. అందరూ ఇంటికి చేరాకే పాస్తా ఎసట్లో పడుతుంది, పది నిమిషాలు ఆగితే మెత్తబడి ముద్దవుతుంది. అందుకే ఆలస్యమైతే ముందే ఫోన్ చేయాలి, 'ఆ తావోలా' అని పిలవగానే బల్ల దగ్గరికి రావాలి.

ఇక మాంసం సంగతి. ఒట్టి 'కార్నే', అంటే మాంసం, తినను అంటే చాలదు, చేపనీ హ్యామ్‌నీ దాంట్లో లెక్కేయనివాళ్ళు ఉంటారు. 'నోన్ మాంజో నే కార్నే నే పేషే', అంటే మాంసమూ చేపా తినను అనండి, హ్యామ్ వద్దని విడిగా చెప్పండి. కంటికి కనబడనివి ఇంకా ఉన్నాయి. కూరగాయల సూపులో కొందరు పందిమాంసం ముక్కలు వేయించి కలుపుతారు, రిసోత్తో అనే అన్నం వంటకాన్ని తరచు మాంసం రసంతో వండుతారు. బొలోన్యా తోర్తెల్లిని అనే, లోపల కూరిన పాస్తాలో ఉండేది పందిమాంసమే. రికోత్తా అనే మెత్తటి చీజ్ పెట్టిన తోర్తెల్లోని మీరు తినొచ్చు, పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి లోపలేముందో ఒకసారి అడగండి. పార్మిజానో చీజ్‌కి పాలు విరిచేది దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో. అదీ వద్దనుకుంటే వెళ్ళకముందే రాసి పంపండి. ఆ ఊళ్ళో దాన్ని తురమని పూట తక్కువ.

మారు వద్దంటే 'బస్తా కొసీ, గ్రాత్సియే' (ఇక చాలు, థాంక్స్) అంటే సరి. బ్రెడ్డు ప్లేటు పక్కనే, బల్లమీద గుడ్డపైన పెట్టుకుంటారు. చివర్లో దాని ముక్కతో ప్లేటులో మిగిలిన సాస్ తుడుచుకు తినడాన్ని 'స్కార్పెత్తా' అంటారు. ఇంట్లో ఎవరూ తప్పు పట్టరు, వండినవాళ్ళకు అదే పెద్ద మెప్పు.