చత్వారం అద్దాలు వాడితే చూపు ఇంకా తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. దూరం చూపు బాగానే ఉంది. ఫోన్‌లో అక్షరాలు మాత్రం చెయ్యి చాచి పట్టుకుంటేనే కనిపిస్తున్నాయి. అద్దాలు అలవాటైతే చూపు ఇంకా తగ్గుతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. ఆ భయంతో కళ్లను శ్రమపెట్టకండి. దగ్గరి వస్తువును చూడాలంటే కంటిలోని లెన్స్ ఉబ్బాలి. వయసుతో అది గట్టిపడుతుంది. అద్దాలు పెట్టినా మానినా ఆ మార్పు ఆగదు. పదేళ్ల వయసులో 12 డయాప్టర్లకు (లెన్స్ పవర్‌ను కొలిచే ప్రమాణం) పైనే ఉండే ఈ సర్దుబాటు శక్తి, 45 నాటికి 4 దరిదాపులకు వస్తుంది. 33 సెం.మీ. దూరంలో చదవడానికే 3 కావాలి. ఉన్న శక్తిలో దాదాపు సగం మిగిలితేనే కన్ను హాయిగా చదవగలదు. అది మిగలకపోతే తలనొప్పి, కళ్లు లాగడం మొదలవుతాయి.

మీ వయసుకు సాధారణంగా +1.25 నుంచి +1.50 సరిపోతుంది. ముందుజాగ్రత్త అనుకుని ఎక్కువ పవర్ తీసుకోవద్దు, పుస్తకాన్ని ముఖానికి మరీ దగ్గరగా పట్టుకోవాల్సి వస్తుంది. చదివేచోట వెలుతురు పెంచండి: కంటిపాప చిన్నదై అక్షరం తేటగా కనిపిస్తుంది. 60 ఏళ్ల వరకు పవర్ కొద్దికొద్దిగా పెరగడం సహజమే.

దూరం చూపు కూడా మసకబారితే అది చత్వారం కాదు, శుక్లం కావచ్చు. తిన్నని గీతలు వంకరగా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రెటీనా పరీక్ష చేయించుకోండి.