బొమ్మల రంగు ఊడి నోట్లోకి పోతోంది.. బాబుకు సీసం పరీక్ష చేయించాలా?

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటాడు. జాతరలో కొన్న కారు, చెక్క గిలక్కాయ మీద రంగు పెచ్చులుగా ఊడింది. కొంత మింగే ఉంటాడు. సీసం, థాలేట్లు, బీపీఏ అని ఏవేవో చదివి భయమేస్తోంది. మా అత్తగారు రోజూ కాటుక పెడతారు, బాబు బట్టల్లో కలరా ఉండలు వేస్తారు. మాది పాత ఇల్లు. ఏవేవి తీసేయాలి? రక్తపరీక్ష అవసరమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రంగు ఊడిన ఆ రెండు బొమ్మల్నీ ఈరోజే తీసేయండి. కానీ మీరు రాసినవాటిలో అంతకంటే తొందరగా చూడాల్సినవి కాటుక, కలరా ఉండలు, పాత ఇంటి గోడలు. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, గట్టి ప్లాస్టిక్‌లో వాడే బీపీఏ అనే రసాయనాలు తర్వాతి సంగతి.

ముందు సీసం గురించి. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది దాదాపు పదోవంతు. చిన్నపిల్లల్లో సగం దాకా రక్తంలోకి వెళ్తుంది. పేగుల్లో ఇనుము లోపలికి వెళ్లే దారినే సీసమూ వాడుకుంటుంది కాబట్టి, ఐరన్ తక్కువున్న పిల్లలకు ఇంకా ఎక్కువ పడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో నూటికి 70 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 మందికి ఉంది. మన పిల్లల విషయంలో సీసం గురించి గట్టిగా చెప్పేది అందుకే. అది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.

కాటుక: సుర్మా, దాన్ని కలిపిన నల్ల పొడులు చాలావరకు సీసం ఖనిజాన్ని నూరి చేసినవే. బజారు కాటుకలో ఏం కలిపారో డబ్బా చూసి చెప్పలేం. కంటికి పెట్టింది అక్కడే ఉండదు. బాబు కళ్లు నులుముకుంటాడు, అదే చేత్తో వేళ్లు చీకుతాడు. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసిన కాటుకలో సీసం భయం తక్కువే అయినా, వేలితో పెట్టడం వల్ల కళ్లకు ఇన్‌ఫెక్షన్ వస్తుంది. అత్తగారికి దిష్టి పట్టింపు ఉంటే ఇంట్లో చేసిన కాటుకతోనే చెవి వెనక చుక్క పెట్టమనండి. కంటికి మాత్రం వద్దు. నుదుటికి కుంకుమ, సిందూరం కూడా వద్దు. నాసిరకం సిందూరంలో రంగు కోసం సీసం సమ్మేళనమే కలుపుతారు.

కలరా ఉండలు అంటే నాఫ్తలీన్. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. ఇది మగపిల్లల్లో ఎక్కువ. వాళ్లకు ఆ ఉండల ఆవిరి పట్టిన బట్టలు తొడిగితే చాలు, ఎర్ర రక్తకణాలు చిట్లిపోవచ్చు. ఒంటికి నూనె రాసి అవే బట్టలు వేస్తే నాఫ్తలీన్ నూనెలో కరిగి చర్మం గుండా ఇంకా త్వరగా లోపలికి పోతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో బిడ్డ పాలిపోవడం, కళ్లు పచ్చబడటం, మూత్రం డికాక్షన్ రంగులో రావడం కనిపిస్తాయి. అప్పుడు పచ్చకామెర్ల నాటుమందుకు పరుగెత్తకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

ఉన్న ఉండలన్నీ తీసేసి, బట్టలు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరేయండి. పెట్టె కూడా తెరిచి ఎండబెట్టండి. బదులుగా ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో కట్టి వేయొచ్చు. కర్పూరం మాత్రం వేయకండి. పిల్లలు కొద్దిగా మింగినా గంట, గంటన్నరలోపే ఫిట్స్ రావచ్చు. ఉండ గానీ, కర్పూరం గానీ, దోమల మందు ద్రవం గానీ మింగితే వేలు పెట్టి కక్కించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. నాఫ్తలీన్‌కు పాలు, నూనె కూడా వద్దు, అవి దాన్ని ఒంటికి ఇంకా పట్టిస్తాయి. ప్యాకెట్‌తో సహా వెంటనే 108లో బయల్దేరండి.

ఇల్లు: గృహాలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామెల్ రంగులను, అంటే తలుపులు, కిటికీ చువ్వలు, పాత ఉయ్యాల, ఇనుప మంచం మీదివాటిని అనుమానించాల్సిందే. కిటికీ తెరిచి మూసినప్పుడల్లా రంగు అరిగి పొడిగా గడప మీద, నేల మీద రాలుతుంది. పాకే పిల్లలకు సీసం ఎక్కువగా అందేది ఆ దుమ్ము నుంచే. చీపురుతో ఊడిస్తే లేస్తుంది, కాబట్టి తడిగుడ్డతో తుడవండి. కిటికీ అంచు తుడిచిన గుడ్డను వేరే బకెట్‌లో జాడించండి. పెచ్చులు లేచిన రంగును ఉప్పుకాగితంతో గీకొద్దు. గీకక తప్పకపోతే తడిపి గీకించండి, పని ముగిసి ఇల్లు కడిగేదాకా బాబును వేరే ఇంట్లో ఉంచండి. ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని, పెయింటింగ్ పని చేస్తుంటే బట్టలు మార్చుకుని, స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోవాలి.

వంటిల్లు: రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు కలిపే మోసం ఉంది. కొమ్ములు కొని పట్టించుకుంటే చాలని అనుకుంటారు గానీ, కొన్నిచోట్ల కొమ్ములకు మెరుగు పెట్టేటప్పుడే ఆ రంగు వేస్తారు. మెరిసే కొమ్ముల్ని నమ్మకండి. గ్లాసు నీళ్లలో కొమ్ము వేసి చూడండి. వెంటనే పసుపుపచ్చ రంగు వదిలితే కల్తీ ఉన్నట్టే. మెరుగు పెట్టని కొమ్ములు తెలిసిన రైతు దగ్గర దొరికితే మేలు. చారు, పులుసు, టమాటా కూర సత్తు గిన్నెల్లో వండొద్దు. తుక్కు కరిగించి పోసిన అల్యూమినియం, కొన్ని ఇత్తడి పాత్రల నుంచి పులుపుకు సీసం దిగుతుంది. భారత్‌లో తయారైన కొన్ని అల్యూమినియం వంటపాత్రల గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2025లో హెచ్చరించింది కూడా. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఇక్కడి నుంచి గిన్నెలు, కాటుక, విడి పసుపు పంపే అమ్మమ్మలు, నానమ్మలు ఇది గమనించాలి. స్టీలు గిన్నెలు వాడితే ఈ బెడద లేదు.

ఇక బొమ్మలు. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని బొమ్మలు అమ్మకూడదు. గుర్తు పైన ఐఎస్ 9873 లేదా, బ్యాటరీ బొమ్మలకైతే, ఐఎస్ 15644 అని, కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. రాకపోతే కొనకండి. నమోదైన చేతివృత్తుల వారికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. సహజ రంగులు కలిపిన లక్కతో చేసే ఏటికొప్పాక బొమ్మలు నోట్లో పెట్టుకునే వయసుకు బాగుంటాయి, సహజ రంగులవేనా అని అడిగి తీసుకోండి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు అల్మరాలో అందానికి ఉంచండి, చీకడానికి ఇవ్వొద్దు. జిగటగా, ఘాటు వాసనతో ఉండే మెత్తటి ప్లాస్టిక్ బొమ్మల్లో థాలేట్లు ఉండే అవకాశం ఎక్కువ, వాటినీ తీసేయండి. పళ్లు వస్తుంటే ఫ్రిజ్‌లో చల్లబరిచిన తడిగుడ్డ నమలనివ్వండి.

పాలసీసాల తయారీలో బీపీఏ వాడకాన్ని మన ప్రమాణాలు నిషేధించాయి. అయినా 14 నెలలకు సీసా అక్కర్లేదు. స్టీలు గ్లాసు, ఉగ్గుగిన్నె అలవాటు చేయండి.

మీ ప్రశ్నకు జవాబు: అవును, ఒకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. వేలి చుక్క కాదు, సిరంజితో తీసిన రక్తమే పంపాలి, చర్మం మీది మురికి వల్ల వేలి చుక్క తప్పు చూపొచ్చు. వెంట్రుకల పరీక్ష దండగ. డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ), 5, ఆపైన ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతకమంటాయి. సీసాన్ని బయటకు లాగే మందులు సాధారణంగా 45, ఆపైన ఉంటేనే ఇస్తారు. అంతకు తక్కువైతే మూలం తీసేయడమే చికిత్స. డిటాక్స్ సిరప్‌లు వద్దు. భస్మాలు అసలే వద్దు, నాగభస్మం అంటేనే సీసం. ఆ రక్తంతోనే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) కూడా చూపించండి.

ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మిల్లీలీటరు చొప్పున మానకుండా వేయండి. రక్తహీనత తేలితే మోతాదు డాక్టర్ మారుస్తారు. కాల్షియం కోసం రాగిజావ, పాలు, ఐరన్ పట్టడానికి పప్పన్నంలో నిమ్మరసం ఇవ్వండి. టీ అలవాటు చేయకండి. తినే ముందు, నిద్రపుచ్చే ముందు చేతులు సబ్బుతో కడగండి. పరీక్షలో సీసం 3.5, ఆపైన ఉంటే, ఇంట్లో ఈ మార్పులన్నీ చేసి ఒకటి నుంచి మూడు నెలల్లోపు (బాగా ఎక్కువుంటే ఇంకా ముందే) మళ్లీ పరీక్ష చేయించండి. రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది. రెండోసారీ తగ్గకపోతే ఇంకా ఏదో మూలం మిగిలిందని అర్థం. ఆ రిపోర్టు, ఇంట్లో వాడే పసుపు, వంట గిన్నెల వివరాలు పట్టుకుని పిల్లల డాక్టర్‌ను కలవండి.