గురువారం ఇంజెక్షన్, మూడు షిఫ్టులు

హాస్పిటల్‌లో వారానికోసారి డ్యూటీ మారుతుంది, బరువు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ మొదలుపెట్టాను, రెండు నెలల్లోనే మూడుసార్లు మర్చిపోయాను, మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు అని అడిగారు కదా. నేను పరవాడ ఫార్మా సిటీలో బాయిలర్ ఆపరేటర్‌ని. ఎ షిఫ్ట్ ఉదయం 6కి, బి మధ్యాహ్నం 2కి, సి రాత్రి 10కి. వాడుతున్నది టిర్జెపటైడ్ పెన్ను. ఎనిమిది నెలల్లో 104 నుంచి 93 కిలోలకు వచ్చాను. అయితే మొదటి మూడు నెలలూ మీలాగే తప్పుల మీద తప్పులు చేశాను.

వీక్లీ ఆఫ్ రోజు తీరిగ్గా వేసుకోవచ్చు అనుకోవడం మొదటి తప్పు. షిఫ్ట్‌తో పాటు ఆఫ్ కూడా జరుగుతుంది కాబట్టి ఒకసారి ఐదు రోజులకే, ఇంకోసారి తొమ్మిది రోజులకు వేసుకున్నట్టయింది. సరే అని రాత్రి 8కి అలారం పెట్టాను. బి షిఫ్ట్‌లో ఆ టైముకి నేను బాయిలర్ దగ్గరుంటాను, పెన్ను ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంటుంది. కాగితం మీద మూడు షిఫ్టులూ రాసి చూశాను. మూడింటిలోనూ నేను ఇంట్లో మెలకువగా ఉండే గంట ఒక్కటీ లేదు!

ఇది చెప్తే డాక్టరు గారు నవ్వారు. "గంటతో నీకేం పని? మందు రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. వారం పేరు మారకుండా చూసుకో. పొద్దున వేసుకున్నా, రాత్రి వేసుకున్నా, తినకముందైనా తిన్నాకైనా ఒకటే" అన్నారు. అప్పటి నుంచి గురువారం. గురువారమే ఎందుకంటే ఆ రోజు మా ఇంట్లో నీచు వండరు, పొట్ట తేలిగ్గా ఉంటుంది. నాకు వేసుకున్న మర్నాడే వికారం ఎక్కువ. షిఫ్ట్ మారేది సోమవారం కాబట్టి ఆ రెండు కష్టాలూ ఒకే రోజున పడవు. మీ డ్యూటీలు ఎప్పుడు మారతాయో చూసుకుని, దానికి దూరంగా ఉండే రోజు ఎంచుకోండి.

నైట్ డ్యూటీలో ఒక తిరకాసు ఉంది. గురువారం రాత్రి వెళ్లి శుక్రవారం పొద్దున ఇంటికొస్తే బుర్రలో ఇంకా గురువారమే నడుస్తుంటుంది. ఒకసారి సాయంత్రం వేసుకున్న సంగతి మర్చిపోయి పొద్దున మళ్లీ సూది బిగించాను. మా ఆవిడ చూసి ఆపింది. ఇప్పుడు వేసుకున్న వెంటనే గోడ మీది క్యాలెండర్‌లో టిక్కు, పక్కన సూది వేసింది పొట్ట కుడివైపో ఎడమవైపో రాస్తాను. ఫోన్ అలారం కన్నా ఇదే నయం, ఎందుకంటే అలారం నిద్రలోనే ఆపేస్తాం.

మర్చిపోతే నా మందుకి లెక్క ఇది: నాలుగు రోజుల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, దాటితే వదిలేసి వచ్చే గురువారమే. ఏ రెండు డోసుల మధ్యా మూడు రోజులకు తక్కువ కాకూడదు. మీది సెమాగ్లూటైడ్ (ఇలాంటిదే ఇంకో వారపు ఇంజెక్షన్) అయితే లెక్క వేరు, పెట్టెలోని కాగితం చూడండి. వరసగా రెండు మూడు వారాలు తప్పితే మాత్రం సొంత తెలివి వద్దు. ప్లాంట్ షట్‌డౌన్ పనుల్లో నాకు మూడు వారాలు తప్పింది. పాత డోసే వేసేసుకుని రెండు రోజులు వాంతులతో మంచం పట్టాను. డాక్టరు గారు చీవాట్లు పెట్టి మళ్లీ 2.5 మిల్లీగ్రాముల మొదటి డోసు నుంచి మొదలుపెట్టించారు.

అసలు భయపడాల్సింది ఇంకొకటుంది. నాకు షుగర్ కూడా ఉంది, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకునేవాణ్ని. ఇంజెక్షన్‌తో ఆకలి చచ్చిపోయి ఒక నైట్ షిఫ్ట్‌లో ఏమీ తినలేదు. మూడింటికి చెమటలు, చేతుల్లో వణుకు. చూస్తే షుగర్ 58. నాలుగు చెంచాల పంచదార నీళ్లు తాగించి తోటివాళ్లు కూర్చోబెట్టారు. మర్నాడు డాక్టరు గారు ఆ మాత్ర తగ్గించేశారు. మీకు షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ ఉంటే నైట్ డ్యూటీల సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.

తిండి విషయం మీకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి ఒంటిగంటకి క్యాంటీన్ మిరపకాయ బజ్జీ తిన్నానంటే నా పని అయిపోయినట్టే. ఉడకబెట్టిన గుడ్లు, రెండు ఇడ్లీలు, పల్చటి మజ్జిగ సీసాలో పట్టుకెళ్తాను. నీళ్లు తగ్గితే మలబద్ధకం ప్రాణం తీస్తుంది.

మా ఫిట్టర్ ఒకాయన షుగర్‌కి సెమాగ్లూటైడ్ మాత్ర వాడతాడు. పరగడుపున అర గ్లాసు లోపు నీళ్లతో మింగి అరగంట ఆగాలి, టీ కూడా తాగకూడదు. నైట్ నుంచి వచ్చి పొద్దున్నే టిఫిన్ తిన్నవాడికి పరగడుపు ఎప్పుడు? అతనికి డాక్టరు చెప్పింది, ఎప్పుడు నిద్ర లేస్తే అప్పుడేనని. సి షిఫ్ట్ వారమంతా మధ్యాహ్నం 2కి లేచి వేసుకుంటాడు.

హాస్టల్లో అందరికీ ఒకటే ఫ్రిజ్ అన్నారు కాబట్టి, పెన్ను ఒక డబ్బాలో పెట్టి పేరు రాసి మధ్య అరలో ఉంచండి. ఫ్రీజర్ గదికి ఆనించొద్దు. గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. మా అబ్బాయి ఐస్‌క్రీం పక్కన పెట్టేసిన పెన్నులో ఇంకా మూడు డోసులున్నాయి, చెత్తలో పడేయాల్సొచ్చింది.